హాస్టల్లో బట్టలు ఉతుక్కోవడం: బోరు నీళ్ల ఊళ్లలో చదివేవాళ్లకు పూర్తి మార్గదర్శి

ఏటా కొత్త బ్యాచ్ హాస్టల్లో చేరిన రెండు నెలలకు నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, ఇంటి నుంచి తెచ్చినప్పుడు తెల్లగా ఉన్న చొక్కా బూడిద రంగుకు తిరిగింది. పౌడర్ రెండింతలు వేసినా పోవడం లేదు. ఏం చేయాలి?"

అనంతపురం హాస్టల్లో చేరిన మొదటి సెమిస్టర్‌లో నేనూ పౌడర్ రెండింతలు వేసినవాణ్నే. సంక్రాంతికి ఇంటికి వెళ్తే అమ్మ నా చొక్కా కాలర్‌ను బొటనవేలితో రుద్ది చూసి, "ఇది మురికి కాదు నాయనా, సబ్బు. నువ్వు సరిగ్గా జాడించలేదు" అంది. అప్పటి నుంచి పౌడర్ తగ్గించాను, జాడించడం పెంచాను. నీళ్లకు కరువున్న చోట ఎక్కువ జాడించడం ఎలా అని మీకు అనుమానం రావచ్చు. దానికి లెక్క ఉంది, 6వ భాగంలో చెప్తాను. ముందు నీళ్ల సంగతి చూద్దాం.

1. మీ కొళాయి నీళ్లు ఎలాంటివో తేల్చుకోండి

కర్నూలు, కడప, అనంతపురంలో చాలా హాస్టళ్లకు నీళ్లు ఒకేచోటి నుంచి రావు. కొన్ని రోజులు మున్సిపాలిటీ నీళ్లు, కొన్ని రోజులు బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. అవి సబ్బుతో కలిసి తెల్లటి జిగురులా మారి బట్ట దారాల్లో ఇరుక్కుంటాయి. పప్పు ఉడకని నీళ్లని పెద్దవాళ్లు అనేది వీటినే. పప్పు ఉడకని నీళ్లలో సబ్బు నురగా సరిగ్గా రాదు.

పరీక్ష సులువు. ఒక ఖాళీ వాటర్ బాటిల్‌లో సగం వరకు కొళాయి నీళ్లు పట్టండి. స్నానం సబ్బును గోటితో గీకి కొన్ని పలుకులు వేసి, మూత పెట్టి పది సార్లు గట్టిగా ఊపండి.

- పైన నురగ నిలబడి, కింద నీళ్లు తేటగా ఉంటే మంచి నీళ్లు.
- నురగ రాకుండా, నీళ్లు విరిగిన పాలలా తెల్లగా తేలితే ఉప్పు నీళ్లు.

ఈ పరీక్షకు స్నానం సబ్బే వాడండి. బట్టల పౌడర్ ఉప్పు నీళ్లలో కూడా కొంత నురగ ఇస్తుంది కాబట్టి తేడా తెలియదు.

ఉప్పు నీళ్లయితే కిరాణా కొట్లో వాషింగ్ సోడా అడగండి. అర బకెట్ నీళ్లలో ఒక పెద్ద చెంచా సోడా వేసి బాగా కరగనిచ్చి, ఆ తర్వాతే పౌడర్ వేయాలి. ముందు సోడా నీళ్లలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, దాంతో పౌడర్ తన పని తాను చేస్తుంది. వంటకు వాడే తినే సోడా వేరు, అది ఈ పనికి చాలదు. పట్టు, ఉన్ని బట్టలకు మాత్రం వాషింగ్ సోడా తగలనివ్వకండి. చేతులు పొడిబారతాయి, ఉతికాక కాస్త కొబ్బరినూనె రాసుకోండి.

2. కొనాల్సినవి, కొనకూడనివి

- రెండు బకెట్లు: ఒకటి నానబెట్టడానికి, ఒకటి జాడించడానికి. ఒక్క బకెట్‌తో మొదలుపెట్టినవాళ్లు ఎవరూ సరిగ్గా జాడించలేరు.
- మగ్గు, మెత్తటి బ్రష్
- పౌడర్, చిన్న సబ్బు బిళ్ల (కాలర్లకు మాత్రమే)
- పాత్రలు తోమే లిక్విడ్, చిన్న సీసా (నూనె మరకలకు)
- తెల్ల వెనిగర్, ఒక సీసా
- ఇరవై క్లిప్పులు, ఐదారు మీటర్ల నైలాన్ తాడు, ఆరు హ్యాంగర్లు
- మాసిన బట్టలకు గుడ్డ సంచి లేదా జాలీ బుట్ట. ప్లాస్టిక్ కవర్ వద్దు, చెమట తడి అందులో మగ్గి రెండో రోజుకే వాసన పడుతుంది.

బ్లీచ్ కొనకండి. హాస్టల్ విద్యార్థికి దాని అవసరం చాలా తక్కువ, ప్రమాదం చాలా ఎక్కువ. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో గానీ వెనిగర్‌తో గానీ బ్లీచ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసి ఉన్న బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదకు తెస్తుంది.

మీ రెండు బకెట్ల మీద పెయింట్‌తో గుర్తు పెట్టండి. బాత్రూమ్ కడగడానికి ఎవరైనా మీ బకెట్ వాడితే అందులో మిగిలిన నాలుగు చుక్కల యాసిడ్ చాలు, మీ కొత్త జీన్స్ పాడవడానికి.

3. ఆదివారం మీద పెట్టుకోకండి

ఆదివారం పొద్దున ఉతుకు బండ దగ్గర ఎంత మంది ఉంటారో మీకు తెలుసు. పది గంటలకల్లా ట్యాంకు ఖాళీ అవుతుంది, సబ్బు నురగలో బట్టలు పెట్టుకుని మోటార్ కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. పైగా వారం బట్టలన్నీ ఒకేసారి ఉతికితే చివరి నాలుగు జతల దగ్గరికి వచ్చేసరికి ఓపిక పోతుంది, జాడించకుండానే ఆరేస్తాం.

వారంలో రెండు చిన్న ఉతుకులు పెట్టుకోండి. బుధవారం సాయంత్రం ఒకటి, శనివారం పొద్దున్నే ఒకటి. ఒక్కోసారి ఐదారు బట్టలకు మించకూడదు, నలభై నిమిషాల్లో అయిపోతుంది. లోదుస్తులు, సాక్సులు మాత్రం ఏ రోజువి ఆ రోజు స్నానంతో పాటే ఉతికేయండి.

ఈ పద్ధతికి లోదుస్తులు 7, సాక్సులు 5 జతలు, చొక్కాలు, టీషర్టులు లేదా కుర్తీలు 6, ప్యాంట్లు 3, టవల్స్ 2, దుప్పట్లు 2, దిండు గలీబులు 3 ఉంటే సరిపోతుంది. ఇంతకంటే ఎక్కువ తెచ్చుకుంటే ఉతకడం వాయిదా వేస్తారు, అంతే.

4. నీళ్లు ముట్టకముందు: ఏరడం

మంచం మీద బట్టలన్నీ కుమ్మరించి ఈ వరసలో చూడండి.

- జేబులు: పెన్ను, టిష్యూ, బస్సు టికెట్, పది రూపాయల నోటు
- జిప్పులు, హుక్కులు మూయండి, చొక్కా గుండీలు మాత్రం విప్పండి
- జీన్స్, రంగు టీషర్టులు లోపలి వైపు బయటికి తిప్పండి
- మూడు కుప్పలు: తెల్లవి, లేత రంగులు, ముదురు రంగులు
- మరకలున్నవి నాలుగో కుప్ప

కొత్త బట్ట ఏదైనా సరే, మొదటి మూడు ఉతుకులు విడిగానే. రంగు దిగుతుందో లేదో చూడాలంటే లోపలి అంచు తడిపి, తెల్ల చేతిరుమాలుతో అరనిమిషం అదిమి పట్టండి. రుమాలుకు రంగు అంటితే ఆ బట్ట ఒంటరిగానే ఉండాలి. చేనేత కుర్తీలకు, ఎర్ర టవల్స్‌కు ఈ పరీక్ష తప్పనిసరి.

ఫ్రెషర్స్ డే కోసం అమ్మ దగ్గర అడిగి తెచ్చుకున్న ధర్మవరం పట్టుచీర, పట్టు పంచె మీ బకెట్‌లోకి రాకూడదు. గాలికి ఆరబెట్టి, మడిచి, ఇంటికి తీసుకెళ్లండి. మరక పడితే డ్రై వాష్‌కే ఇవ్వండి.

5. మరకలు: నానబెట్టకముందే తీయాలి

మరక బట్టను నేరుగా సబ్బు నీళ్లలో వేయడం హాస్టల్లో అందరూ చేసే తప్పు. కొన్ని మరకలు సబ్బుతో, వేడితో ఇంకా గట్టిపడతాయి. ఒక్కోదానికి ఒక్కో మందు.

*ఉగ్గాని (బొరుగుల ఉప్మా), సాంబారు, పసుపు.* పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది. కంగారు పడకండి, సబ్బులోని క్షారం వల్ల పసుపు అలా రంగు మారుతుంది. ముందు పాత్రల లిక్విడ్ రాసి నూనె తీసేయండి, మామూలుగా ఉతకండి, తర్వాత మరక ఉన్న వైపు ఎండకు పెట్టండి. పసుపు రంగు ఎండకు నిలవదు. మన ఎండలో రెండు రోజులకే పోవడం నేను చూశాను.

*కారం దోసె ఎర్రకారం.* మిరపకాయ ఎరుపు నూనెలో కరిగేది కాబట్టి ఒట్టి నీళ్లతో రుద్దితే పాకుతుంది. చెంచాతో పైపైన తీసేసి, పొడి బట్ట మీదే పాత్రల లిక్విడ్ రెండు చుక్కలు వేసి పది నిమిషాలు ఉంచండి. తర్వాత ఉతికి ఎండకు పెట్టండి.

*బాల్ పెన్, జెల్ పెన్.* మరక కింద పాత గుడ్డ పెట్టి, పైన శానిటైజర్ వేసి, ఇంకో గుడ్డతో అద్దండి. రుద్దకూడదు. కింది గుడ్డ మీదకు ఇంకు దిగుతుంటుంది, గుడ్డను జరుపుతూ ఉండండి. బాల్ పెన్ ఇంకు దాదాపు పోతుంది, జెల్ ఇంకు కొంత మొండిది.

*రక్తం, నెలసరి మరకలు.* చన్నీళ్లే. వేడి నీళ్లు పోస్తే మరక దారంలో గట్టిపడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు కాగినట్టు వస్తాయి, అప్పుడు ఫిల్టర్ దగ్గరి చల్లటి నీళ్లు ఒక బాటిల్ తెచ్చుకోండి. వెంటనే కడిగితే సబ్బు బిళ్ల చాలు.

*ఎర్రమట్టి.* గ్రౌండ్‌లో ఆడి వచ్చి తడి మట్టిని రుద్దితే దారంలోకి దిగుతుంది. పూర్తిగా ఆరనివ్వండి, దులపండి, పొడి బ్రష్‌తో గీయండి, ఆ తర్వాతే నీళ్లు.

*కాలర్, చంకల్లో చెమట.* తడిపి, షాంపూ రెండు చుక్కలు రాసి పావుగంట ఉంచి మెత్తటి బ్రష్‌తో ఒకే దిక్కుగా గీయండి.

*తుప్పు మరక.* నిమ్మరసం, ఉప్పు కలిపి రాసి ఎండలో గంట ఉంచి కడిగేయండి. తెల్ల బట్టలకే ఇది, నిమ్మరసం రంగు బట్టలను వెలిసేలా చేస్తుంది.

ఏ మందైనా ముందు లోపలి అంచు మీద ఒక చుక్క వేసి చూడండి. మరక పూర్తిగా పోకముందు ఇస్త్రీ పెట్టకండి.

6. నానబెట్టడం, ఉతకడం, జాడించడం

అర బకెట్ నీళ్లకు ఒక పెద్ద చెంచా పౌడర్. దీనికే నురగ సరిపోదనిపిస్తుంది, ఇంకో గుప్పెడు వేయాలనిపిస్తుంది. వేయకండి. నీళ్లు ముట్టుకుంటే వేళ్లకు జారుడుగా తగిలితే పౌడర్ చాలినట్టే.

పౌడర్ ముందు కరగాలి, బట్ట తర్వాత పడాలి. తెల్లవి ముందు ఇరవై నిమిషాలు నానబెట్టి, అవి తీశాక అదే నీళ్లలో లేత రంగులు, చివరికి ముదురు రంగులు. వరస తారుమారైతే తెల్ల చొక్కా ఇక తెల్లగా ఉండదు. రాత్రంతా నానబెట్టడం మంచిదనుకుంటారు. మన వేడికి ఆ నీళ్లు పొద్దునకు పుల్లటి వాసన కొడతాయి. అరగంట దాటనివ్వకండి.

ఉతుకు బండ మీద ముందు రెండు మగ్గుల నీళ్లు పోసి కడగండి. మీకంటే ముందు ఎవరు ఏ బ్లీచ్ వాడారో మీకు తెలియదు. మన హాస్టళ్లలో ఎక్కువగా కడప బండలే ఉంటాయి. అరిగిన బండ నున్నగా ఉంటుంది, కొత్త బండ మాత్రం గరుకుగా ఉండి టీషర్టును గీకేస్తుంది. బండకేసి బాదకండి, గుండీలు పగులుతాయి, సాగే ప్యాంట్లలోని ఎలాస్టిక్ తెగుతుంది. కాలర్, కఫ్, ప్యాంటు అంచులు బ్రష్‌తో, మిగతాదంతా చేతులతో పిసికితే చాలు.

ఇప్పుడు జాడించడం. ఉతికి పిండిన తర్వాత కూడా బట్టల్లో ఒక లీటరు సబ్బు నీళ్లు మిగిలాయనుకోండి. 9 లీటర్లు ఒకేసారి పోసి జాడిస్తే సబ్బులో 10వ వంతు బట్టల్లోనే ఉంటుంది. అవే 9 లీటర్లను 3 లీటర్ల చొప్పున మూడుసార్లు పోసి, ప్రతిసారీ పిండారనుకోండి. మొదటిసారికి 4వ వంతు మిగులుతుంది, రెండోసారికి 16వ వంతు, మూడోసారికి 64వ వంతు. నీళ్లు అవే 9 లీటర్లు.

అందుకే నిండు బకెట్ ఒకసారి కాదు, పావు బకెట్ మూడుసార్లు. మధ్యలో పిండడమే అసలు కిటుకు, పిండకుండా మూడుసార్లు ముంచి తీస్తే ఈ లెక్క పనిచేయదు.

- తెల్లవాటి రెండో, మూడో జాడింపు నీళ్లు పారబోయకుండా రంగు బట్టల మొదటి జాడింపుకు వాడండి.
- చివరి జాడింపులో ఒక పెద్ద చెంచా వెనిగర్ వేయండి. ఉప్పు నీళ్ల వల్ల వచ్చిన బిరుసుతనం పోతుంది, టవల్ మెత్తబడుతుంది. వాసన ఆరాక ఉండదు.
- తెల్లవాటికి ఉజాలా వేసేటట్టయితే చుక్కలను నీళ్లలో పూర్తిగా కలిపాకే బట్ట ముంచండి. నేరుగా పడితే నీలం మచ్చలు తేలతాయి. సబ్బు మిగిలిన బట్టకు నీలం పెడితే బూడిద రంగు ఇంకా ముదురుతుంది.
- మిగిలిన నీళ్లతో బాత్రూమ్ నేల కడిగేయండి.

7. ఆరేయడం

మన దగ్గర బట్టలు ఆరకపోవడం అరుదు, ఎక్కువ ఆరడమే సమస్య. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండలో పొద్దున వేసిన నల్ల టీషర్టు సాయంత్రం దాకా వదిలేస్తే నాలుగు ఉతుకులకే వెలుస్తుంది.

- ముదురు రంగులు లోపలి వైపు బయటికి తిప్పి, నీడలో లేదా పొద్దున ఎండలో
- తెల్లవి, టవల్స్, లోదుస్తులు నేరుగా ఎండలో
- చొక్కాలు దులిపి, హ్యాంగర్‌కు వేసి, పైగుండీ పెట్టి, కాలర్, పట్టీ చేత్తో సాగదీయండి. ఇలా వేస్తే సగం ఇస్త్రీ అయిపోయినట్టే.
- టీషర్టులను భుజాల దగ్గర క్లిప్ పెట్టి వేలాడదీయకండి, దండెం మీద నడుం దగ్గర మడిచి వేయండి
- జీన్స్ నడుం పట్టీకి రెండు క్లిప్పులు, జేబులు బయటికి లాగి

ఆషాఢం గాలి మొదలైతే ఒక్క బట్టకు రెండు క్లిప్పులు. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి అది, మీ చొక్కా దానికి ఒక లెక్క కాదు. తాడును దండెం కర్రకు రెండు చుట్లు తిప్పి కట్టండి. ఎర్ర దుమ్ము లేచే మధ్యాహ్నం వేళ తడి బట్ట బయట ఉండకూడదు. పొద్దున ఆరులోపు వేసి పదికి తీసేయండి.

సెప్టెంబర్, అక్టోబర్ వానలప్పుడు రూములో ఆరేయాల్సి వస్తే బట్టకూ బట్టకూ మధ్య బెత్తెడు ఖాళీ వదిలి, ఫ్యాన్ కింద, కిటికీ తెరిచి వేయండి. పొడి టవల్‌లో చుట్టి మెలితిప్పితే సగం తడి ముందే పోతుంది. ముక్కిపోయిన వాసన వచ్చిన బట్టకు సెంటు కొట్టకండి, వెనిగర్ నీళ్లలో అరగంట ఉంచి మళ్లీ ఉతకండి.

8. లోదుస్తులు, టవల్స్: దాచిపెట్టి ఆరబెట్టకండి

ఇది సిగ్గుపడే విషయం కాదు, ఆరోగ్యం విషయం. హాస్టళ్లలో తామర ఇట్టే అంటుకుంటుంది. తడిగా తొడుక్కున్న లోదుస్తులు, ఇద్దరు ముగ్గురు వాడే టవల్, రూమ్మేట్ దగ్గర తీసుకున్న షార్ట్స్ దానికి దారులు.

అమ్మాయిలు లోదుస్తులను చున్నీ కింద దాచి, రూము మూలలో ఆరేస్తారు. లోపల తడి ఉండిపోతుంది. పల్చటి కాటన్ గుడ్డ ఒక్క పొర కప్పి ఎండలో వేయండి, గాలీ వెలుతురూ తగులుతాయి, ఎవరికీ కనిపించవు. మిద్దె మీద ఒక మూల అమ్మాయిలకని తాడు కట్టించమని వార్డెన్‌ను అడగడంలో తప్పేమీ లేదు.

- టవల్ మూడు రోజులకోసారి, దిండు గలీబు వారానికోసారి, దుప్పటి రెండు వారాలకోసారి
- లోదుస్తులు లోపలి వైపు బయటికి తిప్పి ఆరేయాలి
- తామర వచ్చినవాళ్ల బట్టలు విడిగా, వేడి నీళ్లలో ఉతకాలి. మెడికల్ షాపులో ఏదో ఒక స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ కొని రాయకండి, తామర ఇంకా పాకుతుంది. చర్మ డాక్టర్‌కు చూపించండి.

9. మెషీన్ ఉంటే

సగం ఆటోమేటిక్ మెషీన్లలో టబ్బును మూడొంతులకు మించి నింపకండి. బట్టలు తిరగడానికి చోటు ఉండాలి. ముందు నీళ్లు, పౌడర్, తర్వాత బట్టలు. స్పిన్ టబ్బులో బట్టలు ఒకవైపే పడితే మెషీన్ ఊగిపోతుంది, చుట్టూ సమంగా సర్ది పైన రబ్బరు మూత పెట్టండి. పూర్తిగా ఆగేదాకా చేయి పెట్టకండి. ముందు తలుపు ఉన్న మెషీన్‌కు నురగ తక్కువ వచ్చే పౌడరే వాడాలి. ఏ మెషీన్ అయినా రెండోసారి జాడింపు తిప్పండి.

10. ఇస్త్రీ, బయట ఇవ్వడం

చాలా హాస్టళ్లలో ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే రాడ్ వాడనివ్వరు. ఉన్న చోట లేబుల్ మీది చుక్కలు చూడండి. ఒక చుక్క అంటే తక్కువ వేడి, రెండు అంటే మధ్యస్థం, మూడు అంటే ఎక్కువ. పాలిస్టర్ కలిసిన చొక్కాకు తక్కువ వేడి చాలు.

గేటు బయట ఇస్త్రీ బండి అన్నకు ఇచ్చేటప్పుడు బట్టలు లెక్కపెట్టి, పరిచి ఒక ఫోటో తీసుకోండి. కాలర్ లోపల రంగు దారంతో రెండు కుట్లు వేసుకుంటే నలుగురి తెల్ల చొక్కాల్లో మీది దొరుకుతుంది. ల్యాబ్ కోటుకు ఇది తప్పనిసరి, అన్నీ ఒకేలా ఉంటాయి.

11. బూడిద రంగుకు తిరిగిన బట్టలను మళ్లీ తెల్లగా చేయడం

సెలవు రోజు ఒక పూట దీనికి పెట్టుకోండి. తెల్ల కాటన్ బట్టలకు, టవల్స్‌కు మాత్రమే.

1. మధ్యాహ్నం బకెట్ సగానికి నీళ్లు పట్టి ఎండలో రెండు గంటలు పెట్టండి. చేతికి బాగా వెచ్చగా తగలాలి.
2. అర గ్లాసు వెనిగర్ కలిపి, పొడి బట్టలు వేసి అరగంట ఉంచండి. పౌడర్ వద్దు. కడప బండ మీద పోయకండి, పులుపుకు ఆ రాయి పాడవుతుంది.
3. పిండి, ఒకసారి మంచి నీళ్లలో జాడించండి.
4. మళ్లీ వెచ్చటి నీళ్లలో వాషింగ్ సోడా ఒక పెద్ద చెంచా, పౌడర్ అర చెంచా వేసి గంట నానబెట్టండి. వెనిగర్‌నూ సోడానూ ఒకే బకెట్‌లో కలపకండి, ఒకదాని బలం ఇంకోటి తీసేస్తుంది.
5. చేతులతో పిసకండి. నీళ్లు పాలలా తెల్లగా దిగడం మొదలవుతుంది. ఇన్నాళ్లూ బట్టలో ఉండిపోయిన సబ్బు అదే.
6. మూడుసార్లు జాడించి, ప్రతిసారీ పిండి, ఎండలో వేయండి.

వారం ఆగి ఇంకోసారి చేయండి. ఈసారి పిసికినప్పుడు నీళ్లు తేటగానే ఉంటే ఆ బట్టకు ఇక ఈ పని అక్కర్లేదు.